క్రూయిజ్ ఓడల పరిమాణాన్ని, అమరికను పోల్చి మీకు నచ్చే ఓడను తేల్చుకోవడం ఎలా?

క్రూయిజ్ యాత్రకు డబ్బు కట్టే ముందు మనలో చాలామంది రెండే ప్రశ్నలు అడుగుతాం: ఎక్కడెక్కడికి తీసుకెళ్తారు, మనిషికి ఎంతవుతుంది. ఏ ఓడ అన్నది టికెట్ మీద చూసుకునేదాకా పట్టించుకోము. నాలుగు రాత్రుల యాత్రలో రేవుల్లో దిగి తిరిగేది మహా అయితే పదిహేను, ఇరవై గంటలు; మిగిలిన తిండి, నిద్ర, నడక, కాలక్షేపం అన్నీ ఓడలోనే జరుగుతాయి. అందుచేత ఊళ్ళకంటే ముందు ఓడను చూసుకోవడం న్యాయం. విశాఖపట్నం నుంచి ఒకసారి, సింగపూర్ నుంచి రెండుసార్లు, హ్యూస్టన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ దగ్గర్లోని గాల్వెస్టన్ రేవు నుంచి రెండుసార్లు మొత్తం ఐదు ఓడలు ఎక్కిన మీదట, ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని కాగితం, పెన్సిలుతోనే చేసుకోగలిగిన ఒక పద్ధతి నాకు కుదిరింది. దాన్నే వరుసగా చెబుతున్నాను.

మొదటి పని: టన్నేజ్ అంటే ఏమిటో తెలుసుకోండి

ఓడ వివరాల్లో గ్రాస్ టన్నేజ్ అనే అంకె మొట్టమొదట కనిపిస్తుంది. పేరులో టన్ను ఉంది కాబట్టి అది బరువని అనుకోవడం సహజమే గానీ, బరువుతో దానికి సంబంధం లేదు. ఓడలో మూసి ఉన్న జాగా మొత్తం ఎంతో కొలిచి, ఆ ఘనపరిమాణం నుంచి లెక్కగట్టే అంకె అది. పూర్వం 100 ఘనపుటడుగుల జాగాను ఒక టన్నుగా పరిగణించేవారు. 1969లో కుదిరి 1982లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం ఇప్పుడు ఒక సూత్రంతో లెక్కిస్తున్నారు. ఇల్లు కొనేవాడు చదరపు అడుగులు అడిగినట్టు, ఓడ ఎక్కేవాడు ఈ అంకె అడగాలి.

ఏజెంట్లు తరచుగా చెప్పేది పొడవు, అంతస్తులు. ఈ రెండూ మోసం చేస్తాయి. టైటానిక్ పొడవు 269 మీటర్లు, టన్నేజ్ 46,000 పైచిలుకు. 2024 జనవరిలో యాత్రలు మొదలుపెట్టిన ఐకన్ ఆఫ్ ద సీస్ పొడవు 365 మీటర్లు, అంటే టైటానిక్ కంటే ఒక వంద మీటర్లు కూడా ఎక్కువ లేదు. దాని టన్నేజ్ మాత్రం 2,48,663, అయిదింతల పైమాటే. పెరిగింది చాలావరకు వెడల్పులోనూ ఎత్తులోనూ.

నా సౌలభ్యం కోసం నేను ఓడలను నాలుగు రకాలుగా విడదీసుకుంటాను. ఇది ఏ సంస్థా పెట్టిన కొలబద్ద కాదు, నా నోటుపుస్తకంలోని గీతలు మాత్రమే. 50,000 లోపు టన్నేజ్ ఉన్నవి చిన్న ఓడలు. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖ, పుదుచ్చేరి మార్గంలో తిరిగిన కొర్డేలియా సంస్థ ఎంప్రెస్ ఈ రకానిది. 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో మొదలైన ఆ ఓడ టన్నేజ్ 48,563, పొడవు 211 మీటర్లు. 50,000 నుంచి లక్ష దాకా మధ్యరకం. 2001 నాటి రేడియన్స్ ఆఫ్ ద సీస్, సుమారు 90,000 టన్నేజ్‌తో, దీనికి చక్కని ఉదాహరణ. లక్ష నుంచి లక్షా ఎనభై వేల దాకా పెద్దవి. మన హైదరాబాద్, విశాఖ వాళ్ళు సింగపూర్ వెళ్ళి ఎక్కే జెంటింగ్ డ్రీమ్ 1,50,695 టన్నేజ్‌తో ఇందులోకి వస్తుంది. ఆపైన ఉన్నవాటిని తేలే పట్టణాలు అనుకోండి.

రెండో పని: ఒక భాగహారం చేయండి

పరిమాణం ఒక్కటే తెలిస్తే ఏమీ తెలియనట్టే, ఎందుకంటే ఆ జాగాను ఎంతమంది పంచుకుంటారో తెలియాలి. టన్నేజ్‌ను, గదికి ఇద్దరు చొప్పున పట్టే ప్రయాణికుల సంఖ్యతో భాగించండి. వచ్చే అంకె 30కి దగ్గరగా ఉంటే ఓడ కిటకిటలాడుతున్నట్టు అనిపిస్తుంది, 40 దాటితే ఊపిరి పీల్చుకోవచ్చు, 50 దాటితే ‘జనం ఎక్కడికి పోయారు’ అని వెతుక్కుంటారు.

దీని మహిమ ఒక్క జంట ఉదాహరణతో తెలుస్తుంది. ఎంప్రెస్ టన్నేజ్ 48,563 అన్నాను కదా, అందులో గదికి ఇద్దరి లెక్కన సుమారు 1,600 మంది పడతారు, భాగిస్తే 30. 2015లో వచ్చిన వైకింగ్ స్టార్ అనే ఓడ టన్నేజ్ కూడా ఇంచుమించు అంతే, 47,842, అందులో మనుషులు 930 మంది మాత్రమే, భాగిస్తే 51. బయటి నుంచి చూస్తే రెండూ దాదాపు ఒకే పరిమాణం, లోపల అనుభవం మాత్రం పెళ్ళిళ్ళ సీజన్లో బస్టాండుకీ, గ్రంథాలయానికీ ఉన్నంత తేడా. అలాగని మొదటిది చెడ్డదనీ రెండోది మంచిదనీ అనుకోకండి: రెండోది పిల్లలను ఎక్కనివ్వని ఓడ, టికెట్ ధర కూడా వేరే లోకానిది. సంక్రాంతికి ఇల్లు నిండా జనం ఉంటేనే పండగ అనుకునే కుటుంబానికి 30 కూడా బాగానే ఉంటుంది.

మరికొన్ని లెక్కలు వేసి చూడండి. 2004 నాటి క్వీన్ మేరీ 2 టన్నేజ్ 1,49,215, ప్రయాణికులు సుమారు 2,690, భాగిస్తే 55. జెంటింగ్ డ్రీమ్‌లో 3,352 మంది, కాబట్టి సుమారు 45. ఐకన్‌లో 5,610 మంది, అంకె 44. అంటే ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడల్లో ఒకటి కాబట్టి ఇరుకుగా ఉంటుందన్న భయం కాగితం మీద నిలవదు. దీనికి భిన్నంగా, 2021లో వచ్చిన కార్నివాల్ మార్డీ గ్రా టన్నేజ్ 1,81,808. అందులో సుమారు 5,280 మంది ఉంటారు, భాగిస్తే 34 మాత్రమే. గాల్వెస్టన్ నుంచి తిరిగే కార్నివాల్ జూబిలీ దీనికి సోదరి ఓడే, అంటే అదే నమూనాలో కట్టిన ఓడే కాబట్టి, టెక్సస్‌లోని మన పిల్లలు బుక్ చేసే ముందు ఈ అంకెను గుర్తుంచుకోవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గదికి ఇద్దరి లెక్క వేరు, ఓడ నిండిపోయినప్పటి లెక్క వేరు. గోడ నుంచి దిగే మూడో, నాలుగో పడకల మీద పిల్లలు పడుకుంటే ఐకన్‌లో 7,600 మంది దాకా పడతారు. అప్పుడు 44 కాస్తా 33కి పడిపోతుంది. వేసవి సెలవుల్లోనూ, దసరా, క్రిస్మస్ సెలవుల్లోనూ మీరు ఎక్కేది ఇలా నిండిపోయిన ఓడ. అందుచేత భాగహారం రెండుసార్లు చేయండి, మీరు వెళ్ళే నెలను బట్టి ఏ అంకె నమ్మాలో తేల్చుకోండి.

మూడో పని: ఆ పరిమాణం ఏ రేవులను మూసేస్తుందో చూడండి

పెద్ద ఓడ ఎక్కడికైనా పోగలదని అనుకుంటాం, నిజానికి చిన్న ఓడే ఎక్కడికైనా పోతుంది. ఫ్లోరిడాలోని టాంపా రేవుకు వెళ్ళాలంటే సన్‌షైన్ స్కైవే వంతెన కింద నుంచి దూరాలి. ఎత్తైన ఓడలు దాని కింద పట్టవు కాబట్టి, అక్కడి నుంచి మధ్యరకం ఓడలే తిరుగుతాయి. వెనిస్‌లో 2021 ఆగస్టు నుంచి 25,000 టన్నేజ్ దాటిన ఓడలను నగరం నడిబొడ్డున ఉన్న జుడెక్కా కాలువలోకి రానివ్వడం లేదు. అలాస్కాలోని గ్లేసియర్ బేలోకి రోజుకు రెండు క్రూయిజ్ ఓడలకే అనుమతి. అంటార్కిటికాలో 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ అయితే ఒడ్డున కాలు పెట్టనివ్వరు, దూరం నుంచి చూసి రావడమే.

రేవు గట్టుకు ఆనుకునే వీలు లేని చోట ఓడ సముద్రంలోనే లంగరు వేసి, టెండర్ అనే చిన్న పడవల్లో మనుషులను ఒడ్డుకు చేరుస్తుంది. గ్రీసులోని శాంటోరినీ ఇలాంటిదే. మూడు వేల మంది ఉన్న ఓడలో టెండర్ కోసం టోకెన్ పట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో తిరుమల కంపార్టుమెంట్లలో కూర్చున్నవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే, యాత్ర కాగితంలో ‘టెండర్’ అని ఉన్న రేవులెన్నో ముందే లెక్కపెట్టండి. ఊగే పడవలోకి అడుగు వేయడం వాళ్ళకు తేలిక కాదు.

నాలుగో పని: ఓడ మధ్యలో ఏముందో గుర్తించండి

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, కాస్త నిదానంగా చెబుతాను.

చాలాకాలం ఓడల వెడల్పును పనామా కాలువ నిర్ణయించింది. ఆ పాత లాకుల్లో పట్టాలంటే ఓడ వెడల్పు సుమారు 32 మీటర్లు, పొడవు 294 మీటర్లు మించకూడదు. అందుకే 2000 సంవత్సరానికి అటూ ఇటూ కట్టిన మధ్యరకం ఓడలెన్నో సన్నగా, పొడుగ్గా, ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి. వాటిలో అమరిక కూడా ఒక తీరుగా ఉంటుంది: ముందు కొసన కింది అంతస్తుల్లో నాటకశాల, వెనుక కొసన ప్రధాన భోజనశాల, నడుమ పలు అంతస్తుల ఎత్తున తెరిచి ఉన్న హాలు, పైన మధ్యలో ఈతకొలను, దాని వెనుక బఫే. ఒక్క పూటలో దారులు పట్టుబడతాయి. మన పడవల భాషలో ముందు కొసను అణియం, వెనుక కొసను అమరం అంటారు; సాయంత్రం భోజనం అమరంలో, ఆట అణియంలో అని గుర్తు పెట్టుకుంటే చాలు.

పనామాలో పట్టకపోయినా ఫరవాలేదని సంస్థలు అనుకున్నాక ఓడలు లావెక్కాయి. లావెక్కిన ఓడకు ఒక ఇబ్బంది ఉంది: గోడలకు ఆనుకున్న గదులకే కిటికీలు, బాల్కనీలు వస్తాయి, మధ్యలో మిగిలిన జాగా అంతా చీకటి. ఆ చీకటి నడుమను ఏం చేశారన్న దాన్ని బట్టే నేటి పెద్ద ఓడల స్వభావం తేలుతుంది. 1999లో వచ్చిన వాయేజర్ ఆఫ్ ద సీస్ దాన్ని ఒక వీధిగా మార్చింది. దుకాణాలు, కాఫీ అంగళ్ళు ఇరువైపులా, పై అంతస్తుల్లో ఆ వీధిలోకి తెరుచుకునే కిటికీల గదులు. ఈ ఊహ బాల్టిక్ సముద్రంలో రాత్రిపూట తిరిగే ఫెర్రీల నుంచి వచ్చింది. 1990 నాటి సిల్యా సెరినేడ్‌లో ఇలాంటి వీధే ఉంది, ఆ ఓడను కట్టిన ఫిన్లాండ్‌లోని టుర్కు పట్టణంలోనే వాయేజర్‌నూ కట్టారు. 2009లో ఒయాసిస్ ఆఫ్ ద సీస్ మరో అడుగు వేసి, నడుమను పైనుంచి చీల్చి ఆకాశానికి తెరిచింది. నిజమైన చెట్లతో తోట అక్కడ ఉంది. తోటకు అటూ ఇటూ భవనాల్లా గదుల వరుసలు లేస్తాయి.

ఈ వీధి ఓడలు పిల్లలకు స్వర్గం. అయితే వాటిలో మనుషుల చూపు లోపలికే తిరిగి ఉంటుంది. గాల్వెస్టన్ నుంచి వెళ్ళిన ఒక యాత్రలో మూడో రోజు మధ్యాహ్నం మా ఆవిడ వీధిలో కాఫీ తాగుతూ, ‘పొద్దుటి నుంచి సముద్రం చూడలేదండీ’ అంది. ఆలోచిస్తే నిజమే, తొమ్మిది గంటలకు ఫలహారం దగ్గర చూశాం, ఆ తర్వాత లేదు.

దీనికి ఎదురు స్వభావం ఉన్న ఓడలూ ఉన్నాయి. రేడియన్స్ తరగతి ఓడల్లో కొన్ని లిఫ్టులు అద్దాలతో సముద్రం వైపు తెరిచి ఉంటాయి, భోజనశాలకు వెళ్తూ నీళ్ళను చూస్తాం. 2018లో వచ్చిన సెలబ్రిటీ ఎడ్జ్‌లో చాలా గదులకు బాల్కనీ విడిగా ఉండదు, గదే ఓడ అంచుదాకా పోతుంది. బొత్తాం నొక్కితే కిటికీ పైసగం కిందికి దిగుతుంది. గదిలో జాగా కలిసివస్తుందన్నది నిజమే గానీ, తలుపు తీసుకుని బయటికి వచ్చి నిలబడ్డామన్న తృప్తి అందులో దొరకదని నా అభిప్రాయం. క్వీన్ మేరీ 2 చుట్టూ తిరిగి రావడానికి ఏడో డెక్కు (అంతస్తు) మీద కప్పుతో కూడిన నడకదారి ఉంది, ఒక చుట్టు అర కిలోమీటరు పైనే. ఉదయం ఆర్కే బీచ్‌లో నడవకపోతే రోజు మొదలవదనుకునే విశాఖ వాళ్ళు డెక్ ప్లాన్‌లో (అంటే ఓడ అంతస్తుల పటంలో) మొట్టమొదట వెతకవలసింది ఈ చుట్టుదారినే; చాలా కొత్త ఓడల్లో అది ముక్కలుగా ఉంటుంది, లేదా ఉండనే ఉండదు.

మరొక అమరికను ఓడలో ఓడ అనవచ్చు. జెంటింగ్ డ్రీమ్‌లో ప్యాలెస్, నార్వేజియన్ సంస్థ ఓడల్లో హేవెన్, ఎమ్మెస్సీ ఓడల్లో యాట్ క్లబ్ అనే పేర్లతో, పెద్ద గదులవాళ్ళకు వేరే కొలను, వేరే భోజనశాల, వేరే డెక్కు ఉంటాయి. మీరు అందులో లేకపోతే, ఆ జాగాను మీ భాగహారం నుంచి మనసులోనే కొంత తీసేయండి. చాలాసార్లు ముందువైపు పై డెక్కులోని మంచి చోటు వాళ్ళ వాటాకు పోతుంది.

ఏ ఓడకైనా నేను పెట్టే పరీక్ష ఇది: డెక్ ప్లాన్ తీసుకుని, డబ్బు కట్టకుండా, ఎండకు వానకు తడవకుండా కూర్చుని సముద్రాన్ని చూడగలిగే చోట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. బఫే కాకుండా రెండైనా దొరక్కపోతే నేను ఆ ఓడను పక్కన పెడతాను. మీకు ఆ పట్టింపు లేకపోతే ఈ పరీక్షను వదిలేసి నీళ్ళ జారుడుబల్లలు లెక్కపెట్టుకోండి, తప్పేమీ లేదు.

ఐదో పని: డెక్ ప్లాన్‌ను నిలువుగా చదవండి

ప్రతి సంస్థా తన ఓడల డెక్ ప్లాన్లను అంతస్తుల వారీగా ఇస్తుంది. మనం ఒక్కో అంతస్తును విడివిడిగా చూసి ‘బాగుంది’ అనుకుని పేజీ తిప్పేస్తాం. తప్పు జరిగేది అక్కడే. నా విషయంలో ఏం జరిగిందో చెబుతాను, ఓడ పేరు అనవసరం. పైన ఉంటే దృశ్యం బాగుంటుందని పదకొండో అంతస్తులో బాల్కనీ గది తీసుకున్నాను. మొదటి రోజు తెల్లవారుజామున ఐదున్నరకు నెత్తిమీద ‘గర్ర్’మని ఒక శబ్దం, అర నిమిషం ఆగి మరొకటి, మళ్ళీ మరొకటి. ఎవరో బీరువా ఈడుస్తున్నారనుకున్నాను. పైకి వెళ్ళి చూస్తే, కొలను చుట్టూ డెక్కును కడిగిన కుర్రాళ్ళు వందల కొద్దీ పడక కుర్చీలను ఒక్కొక్కటిగా లాగి వరుసలు పెడుతున్నారు. రోజూ అదే వేళకు, అదే వరుసలో. నాలుగో రోజుకు ఏ చప్పుడు ఏ కుర్చీదో చెప్పగలిగేవాణ్ణి.

కాబట్టి మీ గది ఉన్న అంతస్తు ప్లాన్‌తోపాటు దాని పై అంతస్తు, కింది అంతస్తు ప్లాన్లను కూడా అచ్చు తీసుకుని, లిఫ్టుల గుర్తులు ఒకదానిమీద ఒకటి పడేలా మూడు కాగితాలనూ పేర్చి, కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూడండి. పైనా కిందా కూడా గదులే ఉంటే అది ఉత్తమం. పైన కొలను, బఫే, వ్యాయామశాల ఉంటే ఉదయం నిద్ర పోయినట్టే. కింద నాటకశాల, నాట్యశాల ఉంటే రాత్రి నిద్ర పోయినట్టు. ప్లాన్‌లో ఏ పేరూ రాయకుండా తెల్లగా వదిలేసిన చోట్లను అనుమానంగా చూడండి. అవి ఖాళీలు కావు; వంటశాలలు, సామాను గదులు, సిబ్బంది బండ్లు తిరిగే దారులు అక్కడ ఉంటాయి, అవి రాత్రింబవళ్ళూ పనిచేస్తూనే ఉంటాయి.

ఆ తెల్ల జాగాల వల్ల మరో చిక్కు కూడా వస్తుంది. కొన్ని ఓడల్లో ప్రధాన భోజనశాల వెనుక కొసన ఉంటుంది, దానికీ నడి హాలుకీ మధ్య అదే అంతస్తులో వంటశాల అడ్డంగా ఉంటుంది. మీరు నడిమి లిఫ్టులో సరిగ్గా ఆ అంతస్తుకే దిగినా, గోడ తప్ప ఏమీ కనిపించదు. మళ్ళీ పైకెక్కి, వెనక్కి నడిచి, వెనుక లిఫ్టులో దిగాలి. ప్లాన్ మీద వేలు పెట్టి మీ గది నుంచి భోజనశాలకు, అక్కడి నుంచి నాటకశాలకు, తిరిగి గదికి నడవండి. ఎక్కడైనా వేలు గోడకు తగిలితే అక్కడ ఎర్ర గీత గీయండి. పెద్ద ఓడ ఒక కొస నుంచి మరో కొసకు వెళ్ళి రావడమంటే ముప్పావు కిలోమీటరు. రోజుకు నాలుగైదుసార్లు అది తిరగవలసి వస్తే, వెంట ఉన్న అత్తగారి మోకాళ్ళ సంగతి ఆలోచించాలి.

గదుల సంఖ్యల్లో సాధారణంగా ఒక పక్క సరిసంఖ్యలు, మరో పక్క బేసిసంఖ్యలు ఉంటాయి. ఏది ఏ పక్కో మొదటి రోజే తెలుసుకుంటే లిఫ్టు దిగగానే ఎటు తిరగాలో తడుముకోనక్కరలేదు.

ఆరో పని: గదిని సముద్రంతో సరిచూడండి

ఓడ ముఖ్యంగా రెండు రకాలుగా కదులుతుంది: పక్కలకు ఒరుగుతుంది, ముందు వెనుకలుగా ఊయల ఊగుతుంది. నీళ్ళలో రెక్కల్లా చాచే స్టెబిలైజర్లు పక్క ఒరుగుడును బాగా తగ్గిస్తాయి, ముందు వెనుకల ఊగుడును అవి ఆపలేవు. ఊయల బల్ల నడుమ కూర్చున్న పిల్లవాడు కదలకుండా ఉండి, కొసల్లో వాళ్ళు ఎగిరిపడినట్టే, ఓడలో కూడా నడిమి భాగంలోని కింది అంతస్తులు ప్రశాంతంగా ఉంటాయి. బస్సు ఎక్కితేనే కడుపులో తిప్పేవాళ్ళు, ముఖ్యంగా నైరుతి రుతుపవనాల నెలల్లో బంగాళాఖాతం మీద వెళ్ళేవాళ్ళు, ఎత్తైన బాల్కనీ గది మోజు వదులుకుని కింద, నడుమ గది తీసుకోవడం మంచిది. పెద్ద ఓడ తక్కువ కదులుతుందన్నది మొత్తం మీద నిజమే అయినా, పద్నాలుగో అంతస్తులో ముందు కొసన ఉన్నవాడికి ఆ నిజం పెద్దగా పనికిరాదు.

ముందు కొస కింది గదుల్లో ఉదయం రేవు చేరేటప్పుడు లంగరు గొలుసు, ఓడను పక్కకు నెట్టే థ్రస్టర్ యంత్రాల మోత వినిపిస్తాయి. వెనుక కొస గదుల బాల్కనీలు తరచుగా పెద్దవి, నీటిమీద పరుచుకునే తెల్లని నురగ దారిని గంటల తరబడి చూడవచ్చు. బదులుగా కొంత అదురును భరించాలి. నడిమి అంతస్తుల్లో కొన్ని కిటికీలకు ఎదురుగా లైఫ్ బోట్లు వేలాడుతుంటాయి, అలాంటి గదులను తక్కువ ధరకు ఇస్తారు. పక్క గదిలోకి తలుపున్న జంట గదులు ఉమ్మడి కుటుంబానికి వరం. పక్కన తెలియనివాళ్ళుంటే ఆ తలుపు సందులోంచి వాళ్ళ సంసారమంతా వినిపిస్తుంది.

ఏడో పని: ఎక్కి, రాసుకుని, మళ్ళీ పోల్చండి

మొదటిసారే ఏడు రాత్రులు తీసుకోకండి. మూడు నాలుగు రాత్రుల యాత్ర ఒకటి మధ్యరకం ఓడలో, వీలైతే మరొకటి పెద్ద ఓడలో చేసి చూడండి. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది కాబట్టి, ఓడ వచ్చిన కాలంలో మన తీరంలోనే ఈ మొదటి పరీక్ష పెట్టుకోవచ్చు.

ఓడలో ఉన్నంతకాలం జేబులో చిన్న పుస్తకం ఉంచుకుని నాలుగు సంగతులు మాత్రం రాయండి. లిఫ్టు కోసం ఎంతసేపు నిలబడ్డారు. మధ్యాహ్నం ఒంటిగంటకు బఫేలో ఖాళీ బల్ల దొరకడానికి ఎంతసేపు పట్టింది. రోజుకు ఎన్నిసార్లు దారి తప్పారు. వెలుతురున్న గంటల్లో ఎంతసేపు మీ కళ్ళముందు సముద్రం ఉంది. తిండి బాగుందా, నాటకం బాగుందా అన్నవి రాయకండి. వంటవాళ్ళు మారతారు, ఆటగాళ్ళు మారతారు, ఓడ ఎముకలు మారవు. ఒక తరగతిలోని సోదరి ఓడలన్నీ ఇంచుమించు ఒకే ప్లాన్‌తో కడతారు కాబట్టి, ఒకదాని మీద రాసుకున్నది మిగతావాటికీ చాలావరకు వర్తిస్తుంది. మరమ్మతుల్లో కొత్త గదులు కలిపారేమో మాత్రం చూసుకోవాలి.

నా పుస్తకం ప్రకారం నాకు సరిపడేది 90,000 టన్నేజ్ దగ్గరి ఓడ, భాగహారంలో 40 దాటాలి, చుట్టూ నడకదారి ఉండాలి, గది ఆరు ఏడు అంతస్తుల మధ్య నడిమి భాగంలో పడాలి. మా మనవలు దీన్ని ఒప్పుకోరు. వాళ్ళ పుస్తకంలో నీళ్ళ జారుడుబల్ల లేని ఓడ ఓడే కాదు. అందుకని వాళ్ళతో వెళ్ళినప్పుడు వీధి ఓడ ఎక్కి, గది మాత్రం నా లెక్క ప్రకారం తీసుకుంటాను.

ఇంత శ్రమపడి ఓడను, అంతస్తును, నడిమి భాగాన్ని తేల్చుకున్నాక, బుకింగ్ చేసేటప్పుడు ఒక్క మాట జాగ్రత్తగా చదవండి. కొన్ని చౌక టికెట్ల మీద ‘గ్యారంటీ’ అని ఉంటుంది. గది రకానికి మాత్రమే ఆ పూచీ; లోపలి గదా, బాల్కనీ గదా అన్నంతవరకే మాట ఇస్తారు, ఏ అంతస్తులో ఏ మూల ఇస్తారన్నది సంస్థ ఇష్టం. మూడు కాగితాలు పేర్చి మీరు ఎంచుకున్న గది సంఖ్య టికెట్ మీద అచ్చయి కనిపించాకే డబ్బు కట్టండి.